తలకిందులైనా పరిగెత్తిన కారు

అందరూ పడుకున్నాకే ఆ కారు బయటికొచ్చేది.

1946. స్వీడన్. అడవి మధ్యలో సన్నటి మట్టి దారి. తెల్లారడానికి ఇంకా టైముంది. కాలు పెడితే జారే బురద. ముందు చప్పుడు వినిపించింది. డుగ్గు డుగ్గుమంటూ, ఆగి ఆగి. తరువాత చెట్ల సందుల్లోంచి వెలుతురు. ఆ వెనకే ఒక నల్లటి ఆకారం. చక్రాలు సగానికి పైగా ఒంట్లోనే దాక్కున్నాయి. ముక్కు కిందికి వంగింది. వెనక భాగం సాగి సాగి సన్నబడింది. ఎవరైనా చూసుంటే రెక్కలూడిన విమానం రోడ్డెక్కిందనుకునేవాళ్లు. అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు. దాన్ని తయారు చేసింది విమానాల కంపెనీయే. కార్ల గురించి ఆ కంపెనీకి ఏమీ తెలియదు.

కంపెనీ పేరు సాబ్. స్వీడిష్ విమాన సంస్థ అనే పొడుగాటి పేరుకి పొట్టి రూపం. 1937లో, యూరప్ మీద యుద్ధ మేఘాలు కమ్ముతుంటే, మన ఆకాశాన్ని మనమే కాచుకోవాలని ట్రోల్‌హెట్టన్ అనే ఊళ్లో పెట్టారు. జలపాతాల ఊరు. యుద్ధం సాగినంత కాలం పగలూ రాత్రీ బాంబర్లు, ఫైటర్లు తయారయ్యాయి. 1945లో యుద్ధం ముగిసింది. ప్రపంచం ఊపిరి పీల్చుకుంది. సాబ్‌కి మాత్రం ఊపిరాడలేదు. ఇక విమానాలెవరు కొంటారు? షెడ్లున్నాయి, యంత్రాలున్నాయి, రేకుని వంచడంలో చెయ్యి తిరిగిన పనివాళ్లున్నారు. చిన్న కారు చేద్దామన్నారు. పని గున్నార్ యుంగ్‌స్ట్రోమ్ చేతిలో పెట్టారు. ఆయన విమానం రెక్కల ఇంజనీరు.

ఆయన దగ్గర చేరిన ఇంజనీర్లు పదహారు మంది. వాళ్లలో డ్రైవింగ్ లైసెన్సు ఉన్నది ఇద్దరికేనని ఈనాటికీ చెప్పుకుంటారు.

బొమ్మ గీసినవాడు సిక్స్‌టన్ సాసోన్. చిత్రకారుడు. ఒకప్పుడు వైమానిక దళంలో పైలట్. విమానం కూలి ఒక ఊపిరితిత్తి పోగొట్టుకున్నాడు. గాలితో ప్రాణం మీదకి తెచ్చుకున్న మనిషి, గాలి అడ్డుపడని కారు గీశాడు. రేకుని గుర్రపు లద్దె పరుపు మీద పెట్టి, సుత్తులతో కొట్టి కొట్టి ఆ వంపులు తెచ్చారని చెబుతారు. ఇంజన్ జర్మన్ డీకేడబ్ల్యూది. మిగతా సామాన్లలో కొన్ని పాత ఇనుము దుకాణాల నుంచి ఏరుకొచ్చినవే. అలా నిలబడిన బండికి 92001 అని నంబరిచ్చారు. కారణం మామూలుదే. సాబ్ 90, 91 నంబర్లు అప్పటికే విమానాలవి. వరసలో తరువాతది 92. వాళ్ల లెక్కలో అది ఇంకో విమానం, అంతే.

దాన్ని అర్ధరాత్రుళ్లు, తెల్లవారుజాముల్లో దొంగచాటుగా తిప్పారు. మంచులో తిప్పారు. బురదలో తిప్పారు. ముందు చక్రాల మీది మూతల్లోకి మంచు దూరి గడ్డకట్టి చక్రం తిరగనని మొరాయిస్తే ఆపి, గోకి, మళ్లీ తిప్పారు. మొత్తం మీద 5 లక్షల 30 వేల కిలోమీటర్లు. 1947 జూన్ 10న విలేకర్లను పిలిచి చూపించారు. కారు బాగుంది. ఖజానానే ఖాళీగా ఉంది.

అప్పుడు దూరాడు గున్నార్ ఫిలిప్సన్ అనే కార్ల వ్యాపారి. యుద్ధానికి ముందు డీకేడబ్ల్యూ కార్లు అమ్మినవాడు. ఎనిమిది వేల కార్లు నాకే ఇవ్వండని ముందే డబ్బు కట్టాడు. ఆ సొమ్ముతో లైను కదిలింది. 1949 డిసెంబర్ 12న సాబ్ 92 ఉత్పత్తి మొదలైంది. 764 సీసీ, రెండు సిలిండర్లు, 25 గుర్రాల బలం. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పొయ్యాలి, మన పాత జావా బండికి పోసినట్టు. వెనకనుంచి నీలం పొగ. డిక్కీకి తలుపు లేదు. పెట్టె పెట్టాలంటే కారులోకి దూరి, వెనక సీటు వెనక్కి తొయ్యాలి. రంగు ఏం కావాలని ఎవరూ అడగలేదు. మొదట్లో ఒకటే రంగు. ముదురాకుపచ్చ. యుద్ధ విమానాలకి కొనగా మిగిలిన పెయింటని జనం చెప్పుకున్నారు. ఇన్ని వంకరలున్న బండిని ఎవరు కొంటారు?

ఇక్కడ కాసేపు మన వైపు రావాలి.    1952లో, కోయంబత్తూరులో ఒక తెలుగింటి మనిషి ఒక చిన్న కారు బయటికి తీశాడు. జి.డి.నాయుడు. చదువు మూడో తరగతికే మానేసి, హోటల్లో సర్వరుగా చేసి, కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిల్ కొని, విప్పి, మళ్లీ బిగించి మెకానిక్ పని నేర్చుకున్న మనిషి. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలెట్టి, దక్షిణాదిలో పేరుమోసిన బస్సుల కంపెనీని నిలబెట్టాడు. ఆయన కారు రెండు సీట్లది. పెట్రోలు బండి. ధర రెండు వేల రూపాయలు. సరిగ్గా ఆ ఏడాది మే నెలలోనే పరిశ్రమల నియంత్రణ చట్టం అమల్లోకొచ్చింది. ఏం తయారు చెయ్యాలన్నా ఢిల్లీ కాగితం కావాలి. ఆ కాగితం రాలేదు. నాయుడి కారు అక్కడే ఆగింది.

స్వీడన్ కారుని ఆపేవాళ్లు లేరు. ఆపడం సాధ్యం కాదని నిరూపించడానికి ఒక భారీ మనిషి అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుంటున్నాడు.

ఎరిక్ కార్ల్‌సన్. సాబ్ ర్యాలీ డ్రైవరు, ట్రోల్‌హెట్టన్ కుర్రాడే. ఏనుగంత మనిషి, అగ్గిపెట్టె లాంటి కారు. అతను తోలిన సాబ్ 96లో ఇంజన్ 850 సీసీ కూడా లేదు. ఎదుట పెద్ద ఇంజన్ల కార్లు. వాటిని మలుపుల దగ్గర మింగేసేవాడు. మిగతావాళ్లు బ్రేకు తొక్కేచోట అతను యాక్సిలరేటరు వదిలేవాడు కాదు. కుడికాలు దాని మీద అలానే ఉంచి, ఎడమకాలితో బ్రేకు తొక్కేవాడు. ఇంజన్ ఊపు తగ్గకూడదు. బ్రిటన్ ఆర్ఏసీ ర్యాలీ వరసగా మూడేళ్లు, 1960, 61, 62. మంచు కొండల మోంటే కార్లో 1962లో. మళ్లీ 1963లో. అడ్డదిడ్డంగా తోలి బండి బోల్తా కొట్టించడంలోనూ అంతే ఘనుడు. జనం పెట్టిన ముద్దుపేరు 'కప్పు మీది కార్ల్‌సన్'. ఆ పేరు ఎంత నిజమో 1964లో ఆఫ్రికా చూసింది.

తూర్పాఫ్రికా సఫారీ ర్యాలీ. వాన. ఎర్రటి బురద. కారు కూరుకుపోయింది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి అంగుళం కదలదు. కార్ల్‌సన్, అతని సహచరుడు దిగారు. నెట్టే ప్రయత్నం చేస్తే వాళ్లే మోకాలి లోతున దిగబడేవాళ్లు. పట్టుకుని పక్కకి ఎత్తారు. కారు ఒరిగింది. కప్పు మీదికి పడింది. మళ్లీ తిప్పారు. దొర్లి దొర్లి గట్టి నేల మీద నాలుగు కాళ్లతో నిలబడింది. ఎక్కారు. వెళ్లిపోయారు. రెండో స్థానం. ఆ సంగతి చెబితే విలేకర్లు నవ్వారు. కథలల్లుతున్నాడనుకున్నారు. కార్ల్‌సన్ వాదన పెట్టుకోలేదు. వాళ్ల కళ్ల ముందే తన కారుని ఇంకోసారి దొర్లించి చూపించాడు.

ప్రపంచానికి సాబ్ పేరు తెలిసింది. కానీ ఇంటి లోపల పొగ కమ్ముకుంటోంది. నిజంగానే పొగ.

టూస్ట్రోక్ ఇంజన్‌కి కాలం చెల్లింది. కొనేవాళ్లు ఆయిల్ కలపడం మానేయాలనుకుంటున్నారు. ఇంజన్ మార్చడానికి కంపెనీ పెద్ద త్రిగ్వే హోల్మ్ ససేమిరా అన్నాడు. ఇంజనీరు రోల్ఫ్ మెల్డే ఆ మాట విని ఊరుకోలేదు. పై అధికారిని దాటుకుని యజమాని కుటుంబం వాలెన్‌బర్గ్‌ల చెవిన వేశాడు. మరొకరైతే ఉద్యోగం ఊడేది. మెల్డేకి అనుమతి వచ్చింది. జర్మనీ ఫోర్డ్ తయారు చేసే వీ-4 ఇంజన్ తెచ్చి సాబ్‌లో బిగించారు. కంపెనీలో కొద్దిమందికి తప్ప ఎవరికీ తెలియదు. 1967 మోడల్ బయటికొచ్చాకగానీ మిగతావాళ్ల నోళ్లు తెరుచుకోలేదు. అప్పటికి అదొక అలవాటుగా మారింది. సాబ్ ఇంజనీర్లు పైవాళ్ల మాట వినరు. ఆ మొండితనమే కొన్నాళ్లు అన్నం పెట్టింది.

99 మోడల్ వచ్చింది. లోపల కూర్చుంటే విమానం కాక్‌పిట్‌లో కూర్చున్నట్టే. ముందు అద్దం వంపు తిరిగి చుట్టూ కమ్ముకుంటుంది. కొత్తగా ఎక్కినవాడి చెయ్యి తాళం కోసం స్టీరింగ్ పక్కకి పోతుంది. అక్కడేమీ ఉండదు. చెయ్యి కిందికి దిగి, రెండు సీట్ల మధ్య, గేరు కడ్డీ వెనక తడుముకుంటుంది. తాళం కన్నం అక్కడ. ప్రమాదంలో మోకాలు ముందుకి విసిరితే స్టీరింగ్ దగ్గరి తాళం చెవి చిప్పలో దిగుతుందని అక్కడ పెట్టారు. రివర్స్ గేరులో వేస్తేగానీ చెవి బయటికి రాదు. బండి ఆపినా దొంగ చేతికి చిక్కదు. చలికి సీటు వేడెక్కే ఏర్పాటు కూడా 70ల మొదట్లోనే పెట్టేశారు. హెడ్‌లైట్లకి వైపర్లు పెట్టారు. మొత్తానికి కారుని కాదు, దాంట్లో కూర్చునే మనిషిని గురించి ఆలోచించి కట్టారు.

1977, ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షో. లైట్ల వెలుగులో 99 టర్బో. రెండు లీటర్ల ఇంజన్ నుంచి 145 గుర్రాల బలం. టర్బో అంటే అప్పటిదాకా ఎక్కువగా పందేల కార్ల సరుకు. దాన్ని పిల్లలతో బజారుకెళ్లే కుటుంబం కారులో పెట్టారు. మరుసటి ఏడాది 900 వచ్చింది. ప్రొఫెసర్లు కొన్నారు. ఆర్కిటెక్టులు, డాక్టర్లు కొన్నారు. అమెరికాలో, చదువుకున్నవాళ్ల కారంటే సాబ్ అన్నారు. మొత్తం తొమ్మిది లక్షలకు పైగా అమ్ముడైంది. ట్రోల్‌హెట్టన్ మీద మంచి ఎండ కాసింది. అప్పుడే లెక్కలు రాసేవాళ్లు తలలు పట్టుకున్నారు.

విషయం సులభం. కారుకి పెట్టే ఖర్చు పెద్దది, అమ్మే కార్ల సంఖ్య చిన్నది. ఒక కొత్త మోడల్‌కి ఇంజనీరింగ్ ఖర్చు ఎంతవుతుందో, అది లక్ష కార్ల మీద పడినా పది లక్షల మీద పడినా దాదాపు అంతే. బెంజ్ ఆ భారాన్ని లక్షల మీద పంచుకుంటుంది. సాబ్ పంచుకోలేదు. 1989 డిసెంబర్‌లో అమెరికా జనరల్ మోటార్స్ (జీఎం) తలుపు తట్టింది. కార్ల విభాగంలో సగం వాటాకి 60 కోట్ల డాలర్లు. 2000లో మిగతా సగం కూడా కొనేసింది. ఈసారి ధర పన్నెండున్నర కోట్ల డాలర్లు. అదే సగం. పదేళ్లలో ఐదో వంతుకి పడిపోయింది.

జీఎం లెక్క ఒకటే. మా ఒపెల్ వెక్ట్రా చట్రం ఇస్తాం, మీ బొమ్మ తగిలించి అమ్ముకోండి. ట్రోల్‌హెట్టన్‌లో బుర్రలూపారు. లోపలికెళ్లి ఇచ్చిన చట్రాన్ని విప్పారు. ఇది బాగాలేదు, అది బాగాలేదు అంటూ ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయారు. కారు మంచిదయింది. ఖర్చు పెరిగింది. నష్టాలు పెరిగాయి. అమ్మే కార్లు ఏ ఏడాదీ లక్షన్నర దాటలేదు. ఇంజనీర్లది తప్పా, డబ్బు పెట్టినవాళ్లది తప్పా అని అడిగితే, కొత్త మోడళ్లు ఏళ్ల తరబడి ఇవ్వకుండా ఎండగట్టిన జీఎందే ఎక్కువ తప్పనాలి. కానీ ఆ జీఎం కిందే 2008లో నేల కుంగింది.

2009 ఫిబ్రవరి. జీఎం చేతులెత్తేసింది. సాబ్ కోర్టు రక్షణ కోరింది. స్వీడన్ మంత్రి మౌద్ ఒలోఫ్సన్ కార్ల ఫ్యాక్టరీలు నడపడం ప్రభుత్వం పని కాదని తేల్చేశారు. సూపర్ కార్ల కోనిగ్‌సెగ్ కొంటానంది. నవంబర్‌లో తప్పుకుంది. డిసెంబర్ 18న జీఎం మూసేస్తున్నామంది. 2010 జనవరిలో దేశదేశాల్లో సాబ్ యజమానులు తమ కార్లేసుకుని రోడ్లెక్కి ఊరేగారు. మా కార్ల కంపెనీని బతికించండని అడగడానికి. ఆ నెల 26న ఒక డచ్చి లాయరు తెర మీదికొచ్చాడు.

విక్టర్ ముల్లర్. అతని స్పైకర్ కంపెనీ ఏడాదికి వందలు కూడా కాదు, పదుల్లో కార్లు చేస్తుంది. చీమ వచ్చి ఏనుగుని కొన్నదని లోకం నవ్వింది. ట్రోల్‌హెట్టన్ నవ్వలేదు. మార్చి 22న లైను మళ్లీ తిరిగింది. కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. ఆ ఏడాది తయారైనవి దాదాపు 32 వేలు. బతకాలంటే అంతకంటే చాలా ఎక్కువ కావాలి. డబ్బు మంచులా కరిగిపోయింది.

2011 ఏప్రిల్ 6. విడిభాగాలిచ్చే కంపెనీలు బాకీ తీర్చందే సరుకు దించబోమన్నాయి. లైను ఆగింది. సగం కట్టిన కార్లు ఎక్కడివక్కడే. మిల్లు ఆగితే ఊరు ఏమవుతుందో పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పి.ఎ.సి.రామస్వామి రాజా 1936లో మిల్లు పెట్టినప్పటి నుంచీ నూలుతో ముడిపడిన ఊరది. ట్రోల్‌హెట్టన్‌కి ఆ నూలే కారు. జూన్ 23న ఇంకో కబురొచ్చింది. మర్నాడు నడివేసవి పండగ, స్వీడన్‌లో పెద్ద పండగల్లో ఒకటి. ఆ ముందురోజు చెప్పారు, ఈ నెల జీతాలు లేవని.

ముల్లర్ చైనాకి పరిగెత్తాడు. హవ్‌తాయ్‌తో ఒప్పందం, పది రోజుల్లో రద్దు. పాంగ్‌దా, యంగ్‌మాన్ ముందుకొచ్చాయి. సెప్టెంబర్‌లో కోర్టు రక్షణ ఇవ్వనంది, పైకోర్టు ఇచ్చింది. అక్టోబర్ చివర్లో చైనావాళ్లు మొత్తం కంపెనీనే కొంటామన్నారు. గండం గట్టెక్కినట్టే కనిపించింది. అయితే సాబ్ కొత్త కార్లలో చాలా టెక్నాలజీ జీఎంది. అది యంగ్‌మాన్ చేతికి పోతే చైనాలో తన సొంత భాగస్వామికే పోటీ. అమ్మకం ఏ రూపంలో జరిగినా లైసెన్సులు ఇచ్చేది లేదని జీఎం కచ్చితంగా చెప్పేసింది. ఆ ఒక్క 'వద్దు' ముందు మిగతా సంతకాలన్నీ చిత్తు కాగితాలయ్యాయి.

డిసెంబర్ 19. సోమవారం. అక్కడ ఆ రోజుల్లో ఎనిమిది దాటినా చీకటే. ట్రోల్‌హెట్టన్ పక్కనే ఉన్న వెనర్స్‌బోర్గ్ జిల్లా కోర్టు. ముల్లర్ తానే వెళ్లి దివాలా దరఖాస్తు అందించాడు. గంటల్లోనే ఆమోదం. మూడు వేల మందికి పైగా ఉద్యోగాలు. క్రిస్మస్‌కి ఆరు రోజులు.

తరువాత వేలం. 2012లో కొనాలనుకున్నవాళ్లలో మన మహీంద్రా పేరు కూడా వినిపించింది. ఆశ్చర్యం లేదు. జహీరాబాద్‌లో మన ఆల్విన్ నిస్సాన్ కూడా ఇలానే కష్టాల్లో పడితే, మహీంద్రాయే తీసుకుంది. ఇవాళ్టికీ ఆ ఊళ్లో మహీంద్రా బళ్లు తయారవుతున్నాయి. ట్రోల్‌హెట్టన్‌కి ఆ అదృష్టం పట్టలేదు. ఫ్యాక్టరీ నెవ్స్ అనే కొత్త కంపెనీకి పోయింది. ఎలక్ట్రిక్ కార్లు చేస్తామంది. 2013 చివర్లో కొన్ని సాబ్ కార్లు వచ్చాయి. 2014లో మళ్లీ ఆగాయి. సాబ్ పేరు వాడుకునే హక్కు కూడా అదే ఏడాది పోయింది.

దివాలా అధికారులు 2012 జనవరిలో మ్యూజియంలోని కార్లని కూడా అమ్మకానికి పెట్టారు. 92001 సహా. అడవి దారుల్లో దొంగచాటుగా తిరిగిన ఆ నల్ల కారు ఏ దేశం కోటీశ్వరుడి గ్యారేజీకి పోతుందోనని అభిమానులు వణికారు. ఊరి మునిసిపాలిటీ, విమానాల సాబ్, వాలెన్‌బర్గ్ ఫౌండేషన్ కలిసి 2 కోట్ల 80 లక్షల క్రోనార్లకి మొత్తం కొనేశాయి. కార్లు ఊళ్లోనే ఉన్నాయి. ట్రోల్‌హెట్టన్ వెళ్లినవాళ్లు టిక్కెట్టు కొనుక్కుని చూడొచ్చు.

సాబ్ పేరుతో ఇప్పుడు ఎక్కడా కారు తయారు కావడం లేదు. ఆ పేరుతో గ్రిపెన్ యుద్ధ విమానాలు మాత్రం ఇంకా తయారవుతున్నాయి.